దూరపు చంద్రుడి నేల ఎంత చల్లగా ఉందో ఆర్బిటర్ డేటాతో కొలవడం ఎలా: మొదటి ఫైల్ నుంచి మ్యాప్ దాకా

శని చుట్టూ తిరిగే మంచు చంద్రుడు ఎన్సెలడస్ మీద థర్మామీటర్ ఎవరూ పెట్టలేదు కదా, మరి అక్కడి పగుళ్లలో 180 కెల్విన్ ఉందని ఎలా చెప్తున్నారు, ఆ లెక్క మన లాప్‌టాప్‌లో మనమూ చేయొచ్చా అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. చేయొచ్చు. డేటా ఫ్రీ, సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కావాల్సిందల్లా ఇంటర్ లెవెల్ లెక్కలు, కొంచెం పైథాన్, బోల్డంత ఓపిక.

ఒక్క విషయం మాత్రం ఇప్పుడే బుర్రలో పెట్టేసుకోండి. ఆర్బిటర్ టెంపరేచర్ కొలవదు. అది కొలిచేది నేల నుంచి వచ్చే వేడి వెలుగుని, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ని. దాన్నుంచి టెంపరేచర్ లాగేది మనం. అందుకే "అక్కడ ఎంత ఉంది" అని ఎవరైనా అడిగితే మీరు తిరిగి మూడు ప్రశ్నలు వేయాలి: ఏ వేవ్‌లెంగ్త్‌లో, ఎంత మేర నేల మీద, అక్కడి టైం ఎంతప్పుడు? ఈ మూడూ లేని నంబర్‌ని నేనైతే పక్కన పడేస్తాను.

## 1. ముందు ఇంట్లో ఒక గన్‌తో ప్రాక్టీస్

కోవిడ్ టైంలో షాపు గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టిన గన్ గుర్తుందిగా. అది కాదు, దాని రేంజ్ జ్వరం వరకే. ఇండస్ట్రియల్ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి, మైనస్ డిగ్రీలు కూడా చూపించేది. ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో అడిగినా ఇస్తారు. కొన్నాక ఈ నాలుగు పనులు చేయండి, ఎందుకంటే తర్వాత వచ్చే తప్పులన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

స్టీలు గిన్నె. తళతళలాడే స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, స్టవ్ ఆపి, గిన్నె పక్కకి గన్ పెట్టండి. మా ఇంట్లో 42 డిగ్రీలు చూపించింది. అది చూసి చెయ్యి పెట్టారో, కాలుతుంది! ఇప్పుడు అదే గిన్నెకి నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక చిన్న ముక్క అంటించి దాని మీద కొట్టండి, 90 దాటుతుంది. గిన్నె అదే, నీళ్లు అవే. స్టీలు తన వేడిని సరిగ్గా బయటికి వదలదు, పైగా ఎదురుగా ఉన్న వంటింటి గోడ వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. దీన్నే ఎమిసివిటీ గొడవ అంటారు. ఎమిసివిటీ అంటే ఒక వస్తువు తన వేడి వెలుగుని ఎంత బాగా వదులుతుందనే కొలత, పూర్తిగా వదిలితే 1.

కాఫీ గ్లాసు. గన్ మీద 12:1 అని రాసుంటుంది. అంటే 12 అడుగుల దూరంలో ఒక అడుగు వెడల్పు వృత్తాన్ని అది చూస్తుంది. మూడు మీటర్ల నుంచి వేడి కాఫీ గ్లాసు మీద లేజర్ చుక్క పెట్టండి. చుక్క గ్లాసు మీదే ఉంటుంది, గన్ మాత్రం 25 సెంటీమీటర్ల వృత్తం చూస్తుంటుంది, అందులో గ్లాసు కొంచెం, టేబుల్ ఎక్కువ. రీడింగ్ చప్పున పడిపోతుంది.

ఆకాశం. జనవరిలో మబ్బు లేని రాత్రి డాబా మీద నుంచి ఒకసారి, మే నెల ఉక్కపోతలో మబ్బు పట్టినప్పుడు ఒకసారి ఆకాశానికి గురిపెట్టి చూడండి. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన వైజాగ్ గాల్లో తేమ ఎక్కువ కాబట్టి ఆ తేమే వేడి వెలుగు వదులుతుంది. గాలి ఉన్న చంద్రుడితో పెట్టుకుంటే ఇదే తలనొప్పి.

బీచ్. తెన్నేటి పార్కు కింద రాళ్లు, పక్కనే ఎండు ఇసుక. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, చీకటి పడ్డ గంటకి ఒకసారి, రెండింటి మీదా కొట్టండి. మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెట్టలేం, చీకటి పడేసరికి అదే ఇసుక చల్లబడిపోతుంది, రాయి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. వేడెక్కడానికీ చల్లబడటానికీ నేల ఇలా ఎంత మొరాయిస్తుందో, అదే థర్మల్ ఇనర్షియా.

ఈ నాలుగు రీడింగులూ నోట్‌బుక్‌లో టైంతో సహా రాసుకోండి. నవ్వకండి, నిజంగా పనికొస్తాయి.

## 2. ఏ చంద్రుడు? ఎంత చలి? ఏ వేవ్‌లెంగ్త్?

వీన్ సూత్రం సింపుల్: 2898ని కెల్విన్ టెంపరేచర్‌తో భాగిస్తే వెలుగు ఏ మైక్రాన్ దగ్గర ఎక్కువగా వస్తుందో తెలుస్తుంది.

- మన చంద్రుడు, భూమధ్యరేఖ దగ్గర మిట్టమధ్యాహ్నం, దాదాపు 390 కెల్విన్: 7.4 మైక్రాన్లు
- ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం పగుళ్లు, 180 కెల్విన్ అనుకుంటే: 16 మైక్రాన్లు
- శని పెద్ద చంద్రుడు టైటాన్ నేల, 94 కెల్విన్: 31 మైక్రాన్లు
- మన చంద్రుడి ధ్రువాల దగ్గర ఎప్పుడూ ఎండ పడని గుంతలు, 30 కెల్విన్: 97 మైక్రాన్లు

చలి పెరిగేకొద్దీ పీక్ పొడవు వేవ్‌లెంగ్త్ వైపు జరగడమే కాదు, మొత్తం వెలుగు కూడా ఘోరంగా తగ్గిపోతుంది. 300 కెల్విన్‌లో ఉన్న మన గది గోడ చదరపు మీటరుకి సుమారు 459 వాట్లు వదిలితే టైటాన్ నేల 4.4 వాట్లు వదులుతుంది, అంటే నూరోవంతు కూడా లేదు. అందుకే ఆర్బిటర్‌లో ఏ పరికరం ఉందో చూడకుండా చంద్రుణ్ణి ఎంచుకోవద్దు.

నాసా లూనార్ ఆర్బిటర్ ఎల్ఆర్ఓ మీదున్న డివైనర్ అనే థర్మల్ పరికరం 2009 నుంచి మన చంద్రుణ్ణి 9 చానెళ్లలో చూస్తోంది, చివరి చానెల్ 100 నుంచి 400 మైక్రాన్ల దాకా వెళ్తుంది, నీడ గుంతలకి అదే దిక్కు. శని దగ్గర 2004 నుంచి 2017 దాకా తిరిగిన కాసినీలో సీఐఆర్ఎస్ అనే స్పెక్ట్రోమీటర్ ఉంది. దాంట్లో మూడు డిటెక్టర్ వరసలు. ఎఫ్‌పీ1 దాదాపు 17 మైక్రాన్ల నుంచి 1000 దాకా, మిగతా రెండూ, ఎఫ్‌పీ3, ఎఫ్‌పీ4, సుమారు 7 నుంచి 17 లోపు. బృహస్పతి వైపు 2024 అక్టోబర్‌లో బయల్దేరిన యూరోపా క్లిప్పర్‌లో ఈ-థెమిస్ అనే థర్మల్ కెమెరా ఉంది కానీ అది అక్కడికి చేరేది 2030లో, ఈలోపు మనం నేర్చేసుకుందాం.

నా సలహా: మొదటి ప్రాజెక్ట్ డివైనర్‌తో చేయండి, డేటా బోలెడు, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. దూరపు చంద్రుడే కావాలని పట్టుబడితే శని చుట్టూ తిరిగే, గాలి లేని చిన్న చంద్రుడు మైమాస్‌ని తీసుకోండి. టైటాన్‌తో మాత్రం మొదలుపెట్టకండి, అడుగులోనే హంసపాదు పడుతుంది.

## 3. డేటా తెచ్చుకోవడం

నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో అన్నీ ఉన్నాయి, అకౌంట్ కూడా అక్కర్లేదు. చంద్రయాన్ డేటా కావాలంటే ఇస్రో వాళ్ల ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. దించుకునే ముందు ఈ లిస్ట్ చూస్కోండి:

☐ కాలిబ్రేట్ చేసిన రేడియన్స్ (నేల నుంచి వచ్చిన వెలుగు ఎంతో సరైన యూనిట్లలో) ఫైళ్లా, పరికరం ఇచ్చిన రా కౌంట్సా? మొదటిసారికి కాలిబ్రేటెడ్ మాత్రమే.
☐ ప్రతి ఫైల్‌తో పాటు లేబుల్ ఫైల్ ఉందా? యూనిట్లు అందులోనే ఉంటాయి.
☐ జామెట్రీ టేబుల్స్, అంటే ప్రతి కొలతా నేల మీద ఎక్కడ, ఏ కోణంలో తీసిందో చెప్పే పట్టికలు ఉన్నాయా? సీఐఆర్ఎస్‌కి ఉన్నాయి.
☐ ఆ తేదీకి స్పైస్ కెర్నల్స్ ఉన్నాయా? అంటే ఆర్బిటర్ ఎక్కడుంది, ఎటు చూస్తోంది, చంద్రుడు ఎలా తిరిగి ఉన్నాడు అనే ఫైళ్లు. నాసా జేపీఎల్ ల్యాబ్‌లోని నైఫ్ గ్రూప్ ఇస్తుంది, పైథాన్‌లో స్పైసీపై అనే లైబ్రరీతో చదవొచ్చు.
☐ యూజర్ గైడ్ పీడీఎఫ్ దించారా? చదివారా? చదవలేదని నాకు తెలుసు, చదవండి.

## 4. టెంపరేచర్ జోలికి పోకముందు జామెట్రీ

కొత్తవాళ్లు అందరూ చేసేది ఒకటే, డేటా రాగానే ఫార్ములాలో వేసేసి రంగురంగుల మ్యాప్ గీసేయడం. నేనూ అదే చేశాను. నా మొదటి మ్యాప్‌లో చంద్రుడి అంచు చుట్టూ నీలం రంగులో ఒక చల్లటి వలయం వచ్చింది, నేను ఏదో కనిపెట్టేశాననుకుని రాత్రి పదకొండింటికి మా పాత లెక్చరర్‌కి వాట్సాప్‌లో పంపాను. ఆయన దగ్గర్నుంచి పొద్దున్నే ఒకే లైన్: "వృత్తంలో సగం ఆకాశమే కదరా?" అంతే. కాఫీ గ్లాసు సంగతే మళ్లీ.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. నేల నిజంగా 100 కెల్విన్ ఉంది, డిటెక్టర్ చూసే వృత్తంలో సగం నేల, సగం ఖాళీ ఆకాశం అనుకోండి. 50 మైక్రాన్ల దగ్గర లెక్కేస్తే వచ్చేది 81 కెల్విన్. 19 డిగ్రీలు హుష్‌కాకి, అదీ ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాకుండా.

కాబట్టి ప్రతి కొలతకీ ఇవి తీయండి:

పాదముద్ర సైజు. ఒక కొలతలో డిటెక్టర్ చూసే నేల ముక్కే పాదముద్ర. దాని వెడల్పు అంటే డిటెక్టర్ కోణాన్ని దూరంతో గుణించడమే. సీఐఆర్ఎస్ ఎఫ్‌పీ1 కోణం 3.9 మిల్లీరేడియన్లు. లక్ష కిలోమీటర్ల నుంచి చూస్తే నేల మీద 390 కిలోమీటర్లు, అంటే వైజాగ్ నుంచి విజయవాడ దాటిపోయేంత. మైమాస్ మొత్తం అడ్డకొలతే 396 కిలోమీటర్లు! అంటే ఒక్క చుక్కలో చంద్రుడంతా పట్టేస్తాడు. అదే దూరం నుంచి ఎఫ్‌పీ3, ఎఫ్‌పీ4 చిన్న పిక్సెళ్లు 0.273 మిల్లీరేడియన్లు కాబట్టి 27 కిలోమీటర్లు, మన బీచ్ రోడ్డు పట్టుకుని ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇంచుమించు. మరి చిన్న పిక్సెళ్లే వాడేద్దామంటే అవి పొట్టి వేవ్‌లెంగ్త్‌వి, 80 కెల్విన్ నేల నుంచి అక్కడికి వచ్చే వెలుగు దాదాపు శూన్యం. మైమాస్ పగటి వైపు మరీ చల్లటి చోట్ల 77 కెల్విన్, వెచ్చటి చోట్ల 92, అక్కడ ఈ రెండిట్లో ఏది వాడాలో మీరే తేల్చుకోవాలి.

ఎమిషన్ యాంగిల్. నేలకి నిట్టనిలువు గీతకీ ఆర్బిటర్ చూపుకీ మధ్య కోణం. గాలి లేని చంద్రుడికి నేను 60 డిగ్రీల దగ్గర కత్తిరించేస్తాను. అంతకు మించితే పాదముద్ర కోడిగుడ్డులా సాగిపోతుంది, గరుకు నేలలో ఒక వైపు గోడలే కనిపిస్తాయి.

సూర్యుడి కోణం, లోకల్ టైం. దీని గురించి 10వ భాగంలో చెప్తా.

వెనకాల ఎవరున్నారు. అంచు దగ్గర వెనకాల ఉండేది ఖాళీ ఆకాశమే అని గ్యారంటీ లేదు, శనిగ్రహమో దాని వలయాలో ఉండొచ్చు, అప్పుడు చల్లటి అంచు కాదు, వెచ్చటి అంచు వస్తుంది. అలాంటి కొలతలు మొత్తం తీసేయండి, సరిచేయడానికి కూర్చోకండి.

## 5. కాలిబ్రేషన్ నమ్మే ముందు

థర్మల్ పరికరానికి రెండు తెలిసిన పాయింట్లు కావాలి. ఒకటి ఖాళీ ఆకాశం, ఇంచుమించు సున్నా వెలుగు. రెండోది టెంపరేచర్ తెలిసిన నల్లటి పలక, పరికరంలోనే ఉంటుంది. డివైనర్ మధ్యమధ్యలో తల తిప్పి రెండిటినీ చూసి మళ్లీ పనిలో పడుతుంది.

ఇంకో తమాషా. సీఐఆర్ఎస్ పొడవు వేవ్‌లెంగ్త్ డిటెక్టర్ 170 కెల్విన్‌లో కూర్చుని 94 కెల్విన్ టైటాన్‌ని చూస్తుంది. అంటే చూసేవాడే చూడబడేదానికంటే వేడి! రా సిగ్నల్‌లో తనకీ ఎదుటివాడికీ ఉన్న తేడా కనిపిస్తుంది, కాబట్టి పరికరం టెంపరేచర్ కొంచెం అటూ ఇటూ అయినా ఆ మార్పు నేల మీద పడినట్టు కనిపిస్తుంది.

చెక్ చేసే పద్ధతి: మీ అబ్జర్వేషన్‌కి ముందూ తర్వాతా ఆకాశాన్ని చూసిన స్పెక్ట్రమ్‌లు తీయండి. సగటు సున్నా చుట్టూ ఉండాలి. లేదు, ఒక పక్కకి ఒరిగి ఉందంటే ఆ రోజు డేటాని పక్కనపెట్టి ఇంకో రోజుది తీసుకోండి, అంతకంటే హీరోయిజం అక్కర్లేదు.

## 6. రేడియన్స్ నుంచి బ్రైట్‌నెస్ టెంపరేచర్

ఇదే అసలు లెక్క, నిజానికి అన్నిటికంటే తేలిక. బ్రైట్‌నెస్ టెంపరేచర్ అంటే ఎమిసివిటీ 1 అనుకుని, ఒక వేవ్‌లెంగ్త్‌లో వచ్చిన వెలుగు నుంచి లాగిన టెంపరేచర్. ప్లాంక్ సూత్రాన్ని తిరగేస్తే:

టెంపరేచర్ = 1.4388 × వేవ్‌నంబర్ ÷ లాగ్(1 + 1.191 × 10⁻⁸ × వేవ్‌నంబర్³ ÷ రేడియన్స్)

లాగ్ అంటే నేచురల్ లాగ్, పదితో వచ్చేది కాదు. వేవ్‌నంబర్ అంటే ఒక సెంటీమీటర్‌లో ఎన్ని అలలు అని, 10,000ని మైక్రాన్లతో భాగిస్తే వస్తుంది. రేడియన్స్ చదరపు మీటరుకి, స్టెరేడియన్‌కి (ఘనకోణం యూనిట్), ఒక వేవ్‌నంబర్‌కి వాట్లలో ఉండాలి.

మీ కోడ్‌ని ఈ లెక్కతో టెస్ట్ చేయండి. వేవ్‌నంబర్ 530, రేడియన్స్ 5.32 × 10⁻⁴. జవాబు 94.0 కెల్విన్ రావాలి. రాకపోతే ముందుకు పోకండి.

ఇక్కడ నేను పప్పులో కాలేసిన కథ ఒకటి. కొన్ని ఫైళ్లలో రేడియన్స్ చదరపు మీటరుకి కాదు, చదరపు సెంటీమీటరుకి ఉంటుంది. తేడా 10,000 రెట్లు. ఇంత పెద్ద తప్పైతే జవాబు పిచ్చిపిచ్చిగా వచ్చి దొరికిపోతుందిలే అనుకుంటాం కదా? రాదు! 94 రావాల్సిన చోట 44 వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, శని దగ్గర కదా చలి ఉంటుందిలే అని మనసు సర్దుకుంటుంది. నేను రెండు వారాలు ఆ 44తోనే తిరిగాను. అప్పట్నుంచి లేబుల్ ఫైల్‌లో యూనిట్ లైన్‌ని కోడ్ మొదట్లోనే కామెంట్‌గా కాపీ చేసి పెట్టుకుంటున్నా.

ఇంకో జాగ్రత్త. చలి నేల నుంచి సిగ్నల్ తక్కువ, నాయిస్ ఎక్కువ, అందుకని కొన్ని రేడియన్స్‌లు మైనస్‌లో వస్తాయి. వాటికి లాగ్ తీయలేం కాబట్టి కోడ్ ఆగిపోతుంది, వెంటనే అందరూ చేసే పని ఆ మైనస్‌లన్నీ తీసేయడం. చేయకండి. మైనస్ వైపు నాయిస్ తీసేసి ప్లస్ వైపు నాయిస్ ఉంచితే మిగిలే సగటు నిజం కంటే వెచ్చగా వస్తుంది. మైనస్‌లతో సహా రేడియన్స్‌లని ముందు సగటు చేసి, ఆ తర్వాత ఒక్కసారే టెంపరేచర్‌కి మార్చండి. అయితే ఈ సగటు ఒకేరకం నేల, ఒకే లోకల్ టైం ఉన్న కొలతల మధ్యే, పగలూ రాత్రీ కలిపి కాదు.

## 7. ఎమిసివిటీ: ఎంత భయపడాలి?

మా బాబాయ్ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఈ లెక్క చూపిస్తే ఆయన అన్నమాట: "ఒరేయ్, కరిగిన ఇనుము మీద పైరోమీటర్ పెడితే స్లాగ్ ఉన్నచోట ఒకటి చెప్తుంది, లేనిచోట ఇంకోటి చెప్తుంది. మాకు అనుమానమొస్తే థర్మోకపుల్ ముంచేసేవాళ్లం. మరి నువ్వు దేంతో ముంచుతావు?" పైరోమీటర్ దూరం నుంచి వెలుగు చూసి టెంపరేచర్ చెప్పేది, థర్మోకపుల్ నేరుగా తాకించి కొలిచేది. ఏం చెప్పాలో తెలీక నవ్వేశాను.

ముంచలేం కానీ లెక్క వేయొచ్చు. ఎమిసివిటీ 1 అనుకున్నాం, నిజానికి 0.95 అనుకోండి. 300 కెల్విన్ నేలని 10 మైక్రాన్లలో చూస్తే తప్పు సుమారు 3 డిగ్రీలు. టైటాన్‌ని 94 కెల్విన్ దగ్గర 19 మైక్రాన్లలో చూస్తే తప్పు 0.6 డిగ్రీలే. పీక్ కంటే పొట్టి వేవ్‌లెంగ్త్‌లో టెంపరేచర్ కొంచెం మారినా వెలుగు విపరీతంగా మారుతుంది కాబట్టి, తిరగేస్తే వెలుగులో తప్పు టెంపరేచర్‌లో చిన్నదైపోతుంది.

అలాగని సంబరపడిపోకండి. టైటాన్ భూమధ్యరేఖకీ ధ్రువాలకీ తేడానే 2, 3 డిగ్రీలు, అందులో 0.6 అంటే చిన్నదేం కాదు. ఇలాంటిచోట అసలు నంబర్ కంటే ఒక చోటుకీ ఇంకో చోటుకీ తేడాని నమ్మడం మంచిది, ఎమిసివిటీ అంతటా ఒకేలా ఉంటే ఆ తప్పు రెండు వైపులా కొట్టుకుపోతుంది.

పొట్టి వైపు ఇంకో ఉచ్చు ఉంది. 5 మైక్రాన్ల కంటే కిందికి వెళ్తే పగటిపూట నేల మీద నుంచి తిరిగొచ్చే సూర్యకాంతి కూడా కలుస్తుంది. అది తీసేయకపోతే మంచు కూడా వేడిగా కనిపిస్తుంది.

## 8. ఒకే పిక్సెల్‌లో కలగాపులగం

నాకు అన్నిటికంటే ఇష్టమైన స్టెప్ ఇది. ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం దగ్గర పులిచారల్లా నాలుగు పొడవాటి పగుళ్లున్నాయి, 2005 జూలైలో కాసినీ దగ్గరికెళ్లినప్పుడు అక్కడ వేడి ఉందని సీఐఆర్ఎస్ పట్టేసింది. కానీ పగులులో వేడి భాగం వెడల్పు మీటర్ల లెక్కలో, పిక్సెల్ వెడల్పు కిలోమీటర్ల లెక్కలో. మరి పగులు టెంపరేచర్ ఎలా తీయాలి?

నమూనా లెక్క. పిక్సెల్‌లో నూటికి 1 వంతు నేల 180 కెల్విన్, మిగతా 99 వంతులు 70 కెల్విన్ అనుకోండి. అదే పిక్సెల్‌ని మూడు వేవ్‌లెంగ్త్‌లలో కొలిస్తే:

- 10 మైక్రాన్లు: 114 కెల్విన్
- 20 మైక్రాన్లు: 85 కెల్విన్
- 50 మైక్రాన్లు: 72 కెల్విన్

చోటు అదే, క్షణం అదే, మూడు టెంపరేచర్లు! ఏదీ తప్పు కాదు, ఏదీ పగులు టెంపరేచరూ కాదు. పొట్టి వేవ్‌లెంగ్త్‌కి వేడి ముక్క మాత్రమే కనిపిస్తుంది, చలి నేల దానికి చీకటి. పొడవు వేవ్‌లెంగ్త్‌కి నేలంతా కనిపిస్తుంది, వేడి ముక్క అందులో ములిగిపోతుంది.

కాబట్టి చేయాల్సిన పని:

1. కనీసం మూడు వేవ్‌లెంగ్త్‌లలో బ్రైట్‌నెస్ టెంపరేచర్ తీయండి.
2. అన్నీ ఇంచుమించు ఒకటే అయితే నేల ఒకేలా ఉంది, హాయిగా ముందుకి పోండి.
3. పొట్టి వైపు వేడిగా, పొడవు వైపు చల్లగా వస్తే రెండు టెంపరేచర్ల మోడల్ పెట్టండి. తెలియనివి మూడు: వేడి టెంపరేచర్, చలి టెంపరేచర్, వేడి భాగం ఎన్నో వంతు. అందుకే మూడు కొలతలైనా లేకపోతే కుదరదు.
4. జవాబులో వేడి టెంపరేచర్ ఒక్కటే చెప్పకండి, వంతు కూడా చెప్పండి. 180 కెల్విన్ నూటికి 1 వంతు, 160 కెల్విన్ అంతకంటే ఎక్కువ వంతు, రెండూ ఇంచుమించు ఒకే గీతలా కుదిరిపోవచ్చు.

ఎండ పడే గరుకు నేల కూడా ఇదే ఆట ఆడుతుంది. రాయికి ఒక వైపు ఎండ, ఇంకో వైపు నీడ, రెండూ ఒకే పిక్సెల్‌లో. మన చంద్రుడి మీద పొద్దున పూట డివైనర్ చానెళ్లు ఒకదానికొకటి సరిపోకపోతే పరికరం పాడైందని కంగారుపడకండి.

## 9. గాలి ఉంటే: టైటాన్ స్పెషల్

టైటాన్ నేల దగ్గర గాలి ఒత్తిడి మన భూమి మీద ఉన్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు, దాని మీద నారింజ రంగు మసక. చాలా వేవ్‌లెంగ్త్‌లలో నేల అసలు కనిపించదు, కనిపించేది గాలే. 19 మైక్రాన్ల దగ్గర, అంటే వేవ్‌నంబర్ 530 చుట్టూ, ఒక సన్నటి కిటికీ ఉంది, నేల వెలుగు అక్కడే బయటికొస్తుంది, అదీ పూర్తిగా కాదు. ఇది మన మే నెల ఆకాశం రీడింగ్‌కి అక్కగారు.

సరిచేసే పద్ధతి పొట్టిగా: ఒకే చోటుని వేర్వేరు ఎమిషన్ యాంగిళ్లలో చూసిన కొలతలు పోగేయండి. 60 డిగ్రీల ఏటవాలులో గాలి దారి నిట్టనిలువుకి రెట్టింపు. రేడియన్స్ కోణంతో ఎలా మారుతోందో గీసి, గాలి ఎంత మింగుతోంది, ఎంత కలుపుతోంది అనే లెక్కని దానికి కుదర్చండి, గాలి ప్రభావం తీసేశాక మిగిలేది నేల. గాలి టెంపరేచర్ ఎత్తుతో ఎలా మారుతుందో కూడా ఇవ్వాలి, అది టైటాన్ మీద దిగిన హైగెన్స్ అనే నౌక దిగేటప్పుడు కొలిచింది ఉంది.

టైటాన్‌లో ఋతువులు ఏళ్లతరబడి ఉంటాయి, శని ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్ల పైమాట. 2005 డేటానీ 2015 డేటానీ కలిపి సగటు చేస్తే ఋతువు మాయమైపోతుంది. కాసినీ ఉన్న కాలంలోనే అన్నిటికంటే వెచ్చగా ఉన్న అక్షాంశం దక్షిణం వైపు నుంచి ఉత్తరం వైపుకి జరిగింది, ఏళ్లు విడదీసి చూసినవాళ్లకే అది కనిపించింది.

## 10. లోకల్ టైం పెట్టి మ్యాప్ గీయడం

మ్యాప్‌లో ఒక మూల పొద్దున ఎనిమిదింటిది, ఇంకో మూల మధ్యాహ్నం రెండింటిది ఉంటే అది మ్యాప్ కాదు, టైం టేబుల్. ప్రతి పిక్సెల్‌కీ అక్కడి సూర్యుడి ప్రకారం గంట లెక్కగట్టి గుత్తులుగా విడదీయండి. టైటాన్ ఒక రోజు మనకి దాదాపు 16 రోజులు, మైమాస్‌కి 23 గంటల లోపే, కాబట్టి గంట అంటే రోజులో 24వ వంతు అని, మన గోడ గడియారం గంట కాదు.

పగలు ఎంత వేడెక్కింది, రాత్రి ఎంత చల్లబడింది, రెండూ ఉంటే నేల ఇసుకలా పొడిపొడిగా ఉందా, రాయిలా గట్టిగా ఉందా చెప్పొచ్చు. తెన్నేటి పార్కులో చేసిందే. మైమాస్ మీద 2010లో వచ్చిన మ్యాప్‌లో పాత వీడియో గేమ్ ప్యాక్‌మ్యాన్ నోరు తెరిచినట్టు ఒక ఆకారం కనిపించింది, పగటిపూట ఆ నోటి లోపల చల్లగా, బయట వెచ్చగా. లోపలి నేల పగటి వేడిని త్వరగా కిందికి లాక్కుంటుంది కాబట్టి పైన అంత వేడెక్కదు. పగలు ఒక్కటే చూసి అక్కడ ఎండ తక్కువనుకుంటే తప్పే.

రంగుల పట్టీ దగ్గర ఒక గొణుగుడు: ఎరుపు కనిపిస్తే జనం నిప్పులనుకుంటారు. మీ ఎరుపు 92 కెల్విన్ అయితే అది మైనస్ 181 సెల్సియస్ అని పట్టీ మీదే రాయండి.

## 11. నిజంతో సరిచూసుకోవడం

బాబాయ్ అడిగిన థర్మోకపుల్ రెండు చోట్ల దొరుకుతుంది.

టైటాన్‌కి: 2005 జనవరి 14న హైగెన్స్ దిగినచోట 93.65 కెల్విన్ కొలిచింది. మీ టైటాన్ లెక్క ఆ అక్షాంశంలో, అంటే దక్షిణం వైపు 10 డిగ్రీల దగ్గర, ఆ ఏడాదికి దీనికి ఒక డిగ్రీ లోపు రావాలి. రాకపోతే ముందు 9వ భాగాన్ని, తర్వాత 5వ భాగాన్ని మళ్లీ చూడండి.

మన చంద్రుడికి: 2023 ఆగస్టు 23న దిగిన విక్రమ్‌లోని ఛేస్ట్ పరికరం నేలలోకి 10 సెన్సర్లతో గుచ్చి మరీ కొలిచింది. అక్కడ పగటి పీక్ 355 కెల్విన్ వచ్చింది, ఒక మీటరు పక్కన చదును నేల మీద 332 మాత్రమే. 23 డిగ్రీల తేడా, కారణం లాండర్ దిగినచోట నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉండటం. ఆర్బిటర్ పిక్సెల్ వందల మీటర్లు, అలాంటి వాలులన్నిటినీ కలిపేసి ఒకే నంబర్ ఇస్తుంది. కాబట్టి లాండర్ నంబర్‌తో మీది సరిపోలేదని ఫార్ములాని కెలక్కండి, ముందు వాలు, పిక్సెల్ సైజు చూడండి.

## 12. ఎవరికైనా పంపే ముందు

| కనిపించే లక్షణం | ఎక్కువసార్లు కారణం | చేయాల్సింది |
|---|---|---|
| అంచు చుట్టూ చల్లటి వలయం | వృత్తంలో ఆకాశం కలిసింది | పాదముద్ర పూర్తిగా నేల మీద ఉన్నవే ఉంచండి |
| ఒక పక్క అంచు మాత్రం వెచ్చగా | వెనకాల గ్రహమో వలయమో | ఆ కొలతలు తీసేయండి |
| అంతా సగానికి సగం చల్లగా | యూనిట్ తప్పు | లేబుల్ చూడండి, 94.0 టెస్ట్ మళ్లీ చేయండి |
| రాత్రి వైపు అనుమానంగా వెచ్చగా | మైనస్ రేడియన్స్‌లు తీసేశారు | ముందు సగటు, తర్వాత టెంపరేచర్ |
| చానెల్‌కో టెంపరేచర్ | కలగాపులగం పిక్సెల్ | రెండు టెంపరేచర్ల మోడల్ |
| మ్యాప్‌లో నిలువు చారలు | వేర్వేరు లోకల్ టైంలు కలిశాయి | గంటల వారీ విడదీయండి |

☐ ప్రతి నంబర్ పక్కనా వేవ్‌లెంగ్త్, పాదముద్ర, లోకల్ టైం
☐ ప్లస్ ఆర్ మైనస్ ఎంతో, అందులో నాయిస్ ఎంత, ఎమిసివిటీ ఎంత విడివిడిగా
☐ తీసేసిన కొలతలు ఎన్ని, ఎందుకు
☐ పంపేది పొద్దున, రాత్రి పదకొండింటికి కాదు